కేసు కొట్టేస్తే హత్యలు జరగనట్టేనా?

చుండూరు కేసులో శిక్షలన్నీ రద్దు చేస్తూ 2014 ఏప్రిల్ 22న హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ రోజునుంచీ టీకొట్టు దగ్గరా కాలేజీలోనూ వినబడుతున్న మాట ఒకటుంది: ‘కేసు కొట్టేశారంటే వాళ్ళు చంపలేదనేగా?’ ఈ ప్రశ్న వేసేవాళ్ళందరూ శత్రువులు కారు. మన పిల్లలూ అడుగుతున్నారు. అందుకే జవాబు చెప్పుకోవాలి.

ముందు జరిగిందేమిటో గుర్తు చేసుకుందాం. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో పొలాలవెంట తరిమి ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో, డ్రెయిన్‌లో పడేశారు. బాధితులు పట్టుబట్టి సాధించుకున్న ప్రత్యేక కోర్టు ఆ ఊళ్ళోనే కూర్చుంది. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 123 మందిని వదిలేసింది. పదహారేళ్ళు పట్టింది ఆ తీర్పుకి. ఏడేళ్ళలోపే హైకోర్టు దాన్ని కొట్టేసింది.

హైకోర్టు ఏమంది? చావు వేళ, చోటు, చంపినవాళ్ళెవరో ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేకపోయిందంది. అంటే నేరం జరగలేదని కాదు. ఎనిమిది శవాల్ని ఏ కోర్టూ కాదనలేదు. ‘రుజువు కాలేదు’ అనేది సాక్ష్యం గురించిన మాట. అది జనం నోట్లో పడేసరికి ‘తప్పుడు కేసు’ అయిపోతోంది. ఈ మార్పు దానంతటదే రాదు. కూలికోసం వాళ్ళ పొలానికే వెళ్ళాల్సినవాడి మాటకి ఊళ్ళో ఎప్పుడూ విలువ తక్కువే. తీర్పు ఆ పాత అలవాటుకి కొత్త బలమిచ్చింది.

మేము అడిగేది వేరే. ప్రాణభయంతో పరుగెత్తేవాడు గడియారం చూస్తాడా? పదమూడేళ్ళు దాటాక బోనెక్కి చెప్పిన మాటలో తేడాలుంటే అది అబద్ధమా, ఆలస్యం చేసిన పాపమా? ఆ ఆలస్యం ఎవరిది?

దళిత, పౌరహక్కుల సంఘాలు తీర్పుని ఖండించాయి, సుప్రీంకోర్టుకి వెళ్ళాలన్నాయి. పెద్ద పార్టీలకు మాత్రం తీరిక లేదు. ఏప్రిల్ 30న తెలంగాణలో, మే 7న సీమాంధ్రలో పోలింగు. ఓట్లడగడానికి వాడకొచ్చినవాళ్ళకి ఆ వాడ కేసు గుర్తు రాలేదు.

కోపం ఒక్కటే చాలదు. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో బాధితుల, సాక్షుల హక్కులకు ప్రత్యేక అధ్యాయం చేరింది. విచారణ ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకునే హక్కు, రక్షణ పొందే హక్కు అందులో ఉన్నాయి. వాటిని వాడవాడలో చదివి వినిపించాలి. సాక్షి మొదటి రోజునుంచీ ఒంటరి కాకుండా చూడాలి.

చుండూరు దళితులు తమవాళ్ళని ఊరి నడుమ పూడ్చి ఆ చోటుకి రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. ‘వాళ్ళు చంపలేదనేగా?’ అని అడిగే పిల్లల్ని అక్కడికి తీసుకెళదాం. మరి వీళ్ళని ఎవరు చంపారని వాళ్ళే అడుగుతారు.