పాత పెట్టెకు కొత్త మెదడు

మా బద్వేలు ఇంటి వసారా గదిలో ఒక నల్లని రేకు పెట్టె ఉన్నది. 2012లో కొన్న కంప్యూటరు అది. మా ఇంటిలో దానిని ఆ పేరుతో ఎవరూ పిలువరు. ‘నాయన పెట్టె’ అంటారు. పొద్దున మీట నొక్కి, స్నానం ముగించుకొని, సంగటి తిని వచ్చేసరికి అది కన్ను తెరచేది. ఇంత ఓపిక నాకు విద్యార్థుల జవాబు పత్రాల దగ్గర కూడా లేదని మా ఇంటావిడ దెప్పేది.

ఓపికతో సరిపోయే పనియైతే ఊరకుందును. కాని ఈ పెట్టె మీద నేను తలపెట్టినది కాలంతో పందెం వంటి పని. మా ప్రాంతపు పాఠశాలల పాత వార్షిక సంచికలు కొన్ని ఏండ్ల తరబడి వెదకి కూడబెట్టినాను. పిల్లలు వ్రాసిన కథలు, అయ్యవార్లు సేకరించిన సామెతలు, సేద్యపు మాటలు వానిలో ఉన్నవి. అచ్చు సీసపు అక్షరాలది, కాగితం నాసిరకపుది. పుట త్రిప్పితే అంచు పొడియై చేతికి అంటుకొంటున్నది. ఇట్టివి మూడు వేల పుటలకు పైగా ఉన్నవి. వీనిని ఛాయాచిత్రాలుగా తీసి, ఆ చిత్రాలలోని అక్షరాలను కంప్యూటరు చేతనే చదివించి, దిద్దుకొనదగిన పాఠంగా మార్చవలె. నా ఉద్యోగ విరమణకు మిగిలినవి కొద్ది ఏండ్లు. కాగితానికి అంతకన్న తక్కువేనేమో!

అక్షరాలు చదివే సాధనం టెసెరాక్టు ఉచితంగానే దొరకుతున్నది. 1980లలో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థలో పుట్టి, 2005లో అందరికీ తెరువబడి, 2018లో వచ్చిన నాలుగవ రూపంతో బాగా పదునెక్కిన సాధనమది. తెలుగు కూడా చదువుతుంది. అయితే మన లిపి ఇంగ్లీషు వలె ఒకే వరుసలో నిలిచేది కాదు గదా! తలకట్టు పైన, వత్తు క్రింద, కొమ్ము ప్రక్కన. ఇన్ని అంతస్తుల అక్షరాన్ని గుర్తింపవలెనంటే లెక్క చాలా వేయవలె. మా పెట్టెలోని పెంటియం జి620కి ఒక్క పుట చదవడానికి నిమిషం దగ్గర పట్టేది.

కొత్త కంప్యూటరు ధర విచారిస్తే ముప్పది అయిదు వేలన్నారు. ఇంట్లో పెండ్లి ఖర్చులు తీరని సంవత్సరమది. అప్పుడు మా ఊరిలో మరమ్మతు అంగడి పెట్టుకొన్న నా పూర్వ విద్యార్థి, “మీ బోర్డు బాగుంది సార్. ప్రాసెసరు మారిస్తే చాలు. దాన్ని ఎందుకు పారేస్తారు?” అన్నాడు.

ఇచ్చట ఒక శాసనం సంగతి చెప్పవలె. మా పొరుగున ఉన్న పోరుమామిళ్ళ చెరువును మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించినాడు. శక సంవత్సరం 1291, అనగా క్రీ.శ. 1369 నాటి ఆ శాసనం వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల కాలం పట్టినదని చెప్పి ఊరకొనలేదు. మంచి చెరువుకు పండ్రెండు అంగాలనూ, ఆరు దోషాలనూ లెక్కించినది. ఆ దోషాలలో రెండు నాకెప్పుడూ విచిత్రంగా తోచేవి: నీరు కొంచెమై పారవలసిన నేల ఎక్కువగుట, నీరు ఎక్కువై నేల కొంచెమగుట. మొదటిది దోషమని కరువుసీమలో ఎవరికైనా తెలుసు. రెండవదీ దోషమే అనడానికి చెరువులు కట్టిన చేయి కావలె.

పెట్టె విషయంలోనూ అదే విచారణ. టాస్క్ మేనేజరు అనే పట్టికను తెరచి రెండు రోజులు గమనించినాను. కంప్యూటరు తెరచుకొనేటప్పుడు ప్రాసెసరు దాదాపు ఖాళీ. పాత హార్డ్ డిస్కు మాత్రం నూటికి నూరు పాళ్ళు రొప్పుచున్నది. అక్షరాలు చదివించేటప్పుడు డిస్కు ఖాళీ, ప్రాసెసరు నూరు. అనగా జబ్బులు రెండు. పొద్దుటి ఆలస్యానికి ప్రాసెసరు మార్చడం తలనొప్పికి కాలికి కట్టు కట్టడమే. చాలమంది డబ్బు పోగొట్టుకొనేది ఇచ్చటనే. వట్టి ఉత్తరాలు, మార్కుల జాబితాలు వ్రాసుకొనే ఉపాధ్యాయునికి ప్రాసెసరు మార్పు అక్కరలేదనే నా అభిప్రాయం; ఒక ఎస్‌ఎస్‌డీ, కొంత మెమరీ చాలు. నా పని వేరు కనుక నాకు మూడూ కావలసి వచ్చినవి.

ఏ ప్రాసెసరైనా ఏ బోర్డులోనూ కూర్చోదు. మాది హెచ్61 బోర్డు; దాని సాకెట్టు ఎల్‌జీఏ 1155. ఇంటెల్ వారి రెండవ, మూడవ తరాల ప్రాసెసర్లు మాత్రమే అందులో పడతవి. ఇది సగమే తెలిసి కడప బస్సెక్కినాను. ఒక అంగడిలో ‘ఐ5’ అని అడిగితే ‘ఐ5’ ఇచ్చినారు. మా శిష్యుడు దానిని వెలుతురుకు పట్టి చూచి నవ్వాపుకొన్నాడు.

“ఇది నాలుగో తరం సార్. 1150 సాకెట్టుది. పేరొకటే గానీ, గాట్లు కలవవు.”

సంబంధాలలో ఇంటిపేరు చూచి గోత్రం అడుగక పోయినట్లయినది. అంగడివారు మార్చి ఇచ్చినారు. బస్సు ఛార్జీలు నావి. ఈసారి తెచ్చినది వాడిన ఐ5-3470. పాతదానికి రెండు కోర్లు, వేగం 2.6 గిగాహెర్ట్‌జ్, దీనికి నాలుగు కోర్లు, 3.2. విద్యుత్తు 65 వాట్లకు బదులు 77 మాత్రమే కనుక పాత ఫ్యానే చాలునన్నాడు మావాడు. 95 వాట్లవి చౌకబోర్డుకు భారమట. మరొక లాభం నాకు తరువాత తెలిసినది: ఒకేసారి పెక్కు సంఖ్యలను కలిపి లెక్కించే ఏవీఎక్స్ ఆదేశాలు ఆ పెంటియంలో లేవు, దీనిలో ఉన్నవి. టెసెరాక్టు వానిని వాడుకొంటుంది.

ప్రాసెసరు అమర్చి మీట నొక్కినాము. తెర నల్లగానే ఉన్నది.

గుండె జారిన మాట నిజం. పదునైదు వందలు నూతిలో పడినవనుకొన్నాను. మావాడు తొణకలేదు. బోర్డులోని బయాస్ మూడవ తరం పుట్టక ముందు వ్రాసినది కనుక ఈ కొత్త అతిథిని గుర్తింపలేదట. మరల పెంటియాన్ని ఎక్కించి, బోర్డు తయారీదారు ఇచ్చిన కొత్త బయాస్‌ను పెన్‌డ్రైవు నుండి ఎక్కింపవలె. అది వ్రాసుకొనే రెండు మూడు నిమిషాలలో కరెంటు పోతే బోర్డే మూగవోవచ్చును. అది మే నెల. మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పగల జ్యోతిష్కుడు లేడు. మా యూపీఎస్ బ్యాటరీ చచ్చి రెండేండ్లయినది. చివరకు పెట్టెను తువ్వాలలో చుట్టి, పసిబిడ్డను తీసికొనిపోయినట్లు, ఇన్వర్టరున్న ఎదురింటికి మోసికొనిపోయినాము. తెరపై అంకెలు నూటికి చేరుదాకా ఆ గదిలో ఎవరూ మాటాడలేదు. పిదప ఐ5 పెట్టగానే తెర వెలిగినది.

ఇంట్లో ప్రయత్నింపదలచిన విద్యార్థులకు ఒక్క జాగ్రత్త. ఈ జాతి ప్రాసెసర్లకు సూదుల వంటి మొనలు బోర్డు వైపే ఉంటవి. అచ్చట వ్రేలు తగిలితే వంగుతవి. పాత లేపనాన్ని గుడ్డతో తుడిచి, కొత్తది బియ్యపుగింజంత పెట్టవలె. వేడిని ఫ్యాను దిమ్మెకు చేరవేయడం దాని పని. మా పెట్టెలోని పాత లేపనం ఎండి మన్నైనది, ఫ్యాను రెక్కలనిండా ఎర్రదుమ్ము. వేడెక్కిన ప్రాసెసరు తనను తాను కాపాడుకొనడానికి వేగం తగ్గించుకొంటుంది. మా వేసవిలో సగం మందకొడితనం ఆ దుమ్ముదేనేమోనని నా అనుమానం.

ప్రాసెసరుకు 1,500, ఎస్‌ఎస్‌డీకి 1,700, వాడిన మెమరీకి 600, లేపనానికి 150; వెరసి 3,950 రూపాయలు. శిష్యుడు కూలి పుచ్చుకొనలేదు. బలవంతం మీద ఒక నిఘంటువు పుచ్చుకొన్నాడు. ఒక లోపం మిగిలినది. విండోస్ 10కి మైక్రోసాఫ్టు వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 ఈ తరం ప్రాసెసర్లను అంగీకరింపదు. కనుక లైనక్సుకు మారినాను. యూనికోడు తెలుగుకు అందులో ఇబ్బంది లేదు. పాత డీటీపీ ఫాంట్లలో చేసిన నా వ్యాసాలు మాత్రం మార్చుకొనవలసి ఉన్నవి. ఆ విసుగు మరొకసారి చెప్పుకొందాము.

ఇప్పుడు నాలుగు కోర్లకు నాలుగు పుటలు పంచి పెడుతున్నాను. అన్నం తిని లేచేసరికి నలుబది పుటలు చదివి ఉంచుతున్నది. తప్పులు లేకపోలేదు. ‘మడక’ను ‘పడక’ చేసినది, ‘గుంటక’ను ‘గంటక’ చేసినది. ఆదివారాలు ఇద్దరు విద్యార్థులు వచ్చి మూలంతో పోల్చి దిద్దుతున్నారు. మొన్న వారిలో ఒకనికి ఒక సంచికలో తన తాతగారు తొమ్మిదవ తరగతిలో వ్రాసిన పొడుపుకథల పుట దొరకినది. క్రింది మూల రాలిపోయి చివరి పొడుపుకు విడుపు లేదు. తాతగారినే అడిగి వస్తానని వాడు సైకిలెక్కినాడు.