మీకు తెలుసా? గట్టు బురదలో ఎవరి అడుగులు?

కొల్లేరు చూడ్డానికి వచ్చినవాళ్లంతా తలెత్తి చూస్తారు. ఆటపాకలో గూడబాతుల్ని చూసి, ఫొటోలు తీసుకుని, చీకటి పడకముందే కైకలూరులో బస్సెక్కేస్తారు. పిట్టలు కాక, పిల్లలకు పాలిచ్చి పెంచే అడవి జంతువులు కూడా ఈ గట్ల మీద తిరుగుతాయన్న సంగతి మండవల్లిలో పుట్టి పెరిగిన మనలోనూ చాలామందికి పట్టదు. వాటిలో చాలావరకు పొద్దుగుంకాక బయల్దేరి, మనం లేచేసరికి తుప్పల్లో దూరిపోతాయి. జాడ మాత్రం దాచుకోలేవు. పెనుమాకలంక వైపో, పెదఎడ్లగాడి వంతెన వైపో తెల్లారగట్ల వెళ్లినప్పుడు గట్టు అంచున తడి బురద ఓసారి చూడండి.

నాలుగు వేళ్లు, వాటి ముందు గోళ్లు గుచ్చుకున్న గుర్తులు ఉంటే కుక్కో, నక్కో నడిచినట్టు. నాలుగు వేళ్లుండి గోళ్ల గుర్తు లేదంటే పిల్లి జాతి. పిల్లులు నడిచేటప్పుడు గోళ్లు లోపలికి లాక్కుంటాయి. ఐదు వేళ్లు విప్పారి, నడుమ పొర ఆనిన అచ్చు కనబడితే నీటికుక్క. మరి పాదం చూస్తే పిల్లిదే, గోళ్ల మొనలు కూడా దిగాయి, అదేమిటి? అది బావురుపిల్లి కావచ్చు. దాని గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. ముందుకాళ్ల వేళ్ల మధ్య కొంతమేర పొర కూడా ఉంటుంది.

పిల్లికి నీళ్లంటే గిట్టదని అందరం అనుకుంటాం. బావురుపిల్లి బతుకే నీళ్లలో. ఒడ్డున కదలకుండా కూర్చుని నీళ్లవైపే చూస్తుంది. చేప పైకి రాగానే పంజా విసురుతుంది, లేదా ఒక్కసారిగా దూకేస్తుంది. మునిగి ఈదగలదు. దాని ఒంటి మీద బొచ్చు రెండు వరసలు: లోపలి వరస పొట్టిగా, ఎంత దట్టంగా ఉంటుందంటే నీళ్లు చర్మం దాకా పోవు. బూడిద రంగు ఒంటి మీద నల్లటి చుక్కలు బారులు తీరి ఉంటాయి. తోక పొట్టి, చెవులు చిన్నవి. బాగా ఎదిగిన మగది 16 కిలోల దాకా తూగుతుంది, అంటే ఇంట్లో పిల్లికి మూడింతలకు పైనే. చేపలే కాదు, పీతలు, ఎలుకలు, నీటిపక్షులు కూడా తింటుంది.

చుక్కలు చూసి భయపడటమే దానికి ముప్పు తెస్తోంది. టార్చి వెలుగులో గట్టు మీద చుక్కల జంతువు కనబడితే చాలు, ఊళ్లో చిరుత తిరుగుతోందని కబురు పాకుతుంది, కర్రలు లేస్తాయి. గుర్తుపట్టడం కష్టమేం కాదు. చిరుత తోక పొడుగ్గా, ఒంటి పొడవులో సగానికి పైగా ఉంటుంది. బావురుపిల్లి తోక ఒంటి పొడవులో సగం కూడా ఉండదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దీనికి చోటుంది. పులికి ఉన్నంత రక్షణ దీనికీ ఉందన్నమాట. చెరువు కాపలా కాసేవాళ్లకు ఈ రెండు ముక్కలూ తెలిస్తే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

మన రాష్ట్రంలో దీనికి గట్టి నెలవు కాకినాడ పక్కన కోరింగ మడ అడవులు. 2018లో వెల్లడైన సర్వేలో అక్కడ 115 బావురుపిల్లులు ఉన్నట్టు లెక్క తేలింది. అయితే రాత్రిపూట తిరిగే జంతువు కాబట్టి చూడ్డానికి వెళ్లినవాళ్లకు దొరికేది అరుదు. నీటికుక్కల దగ్గర అదృష్టం కాస్త మెరుగు. అవి పగలు కూడా తిరుగుతాయి, పైగా కుటుంబం మొత్తం కలిసే తిరుగుతుంది. ఆటు వేళ నీళ్లు తీసి కాలవల ఒడ్డున బురద బయటపడినప్పుడు ఓపిగ్గా నిలబడండి. ముందు ఈలలాంటి కూతలు వినబడతాయి, తర్వాత నీళ్ల మీద వరసగా తలలు. పెంట వేసే చోటు కూడా వాటికి ఒకటే. ఒకే మిట్ట మీద చేప పొలుసులు, ముళ్లు కలిసిన పెంట ఉందంటే ఆ కుటుంబం అక్కడికి మళ్లీ వస్తుంది.

మండవల్లి చేలల్లో సులువుగా కనబడగలిగేది జంగుపిల్లి. పొడుగు కాళ్లు, ఇసుక రంగు ఒళ్లు, చెవుల కొసన చిన్న నల్ల కుచ్చు. కోతలైన మళ్లలో సాయంత్రం పూట ఎలుకల కోసం తిరుగుతుంది. నక్కా అంతే. ఈ రెండింటికీ పందికొక్కు మంచి వేట. వరి వెన్నులు కొరికి బొరియలో కుప్ప పోసుకునే పందికొక్కు మీద రైతుకున్న కోపం న్యాయమైనదే, దాన్ని పట్టడానికే కదా యానాదులు చేలో ఎలకల బుట్టలు పెట్టేది. ఆ కోపంతో మందు కలిపిన మేత పెడితే మాత్రం, ఆ ఎలుకను తిన్న నక్కా, జంగుపిల్లీ కూడా పోతాయి.

అన్నట్టు ఈ పందికొక్కు పేరే ఇంగ్లీషువాళ్ల నోట బాండికూట్ అయి, 18వ శతాబ్దం చివర్లో సముద్రం దాటి, ఆస్ట్రేలియాలో ఓ సంచిజంతువుకు తగులుకుంది. దానికీ మన కొక్కుకూ చుట్టరికం లేదు. అది కంగారూలాంటి సంచిజంతువు. కడుపులో రెండు వారాలు కూడా మోయకుండానే ఈనేస్తుంది, మిగతా పెంపకం చాలావరకు పొట్ట సంచిలోనే. మట్టి తవ్వే జంతువు కదా, సంచిలో మట్టి పడకుండా దాని మూతి వెనక్కి తెరుచుకుని ఉంటుంది. ఎంత చక్కటి ఏర్పాటు! సంచిజంతువులు ఆస్ట్రేలియా, న్యూగినీ చుట్టుపక్కలా, అమెరికా ఖండాల్లోనూ ఉన్నాయి తప్ప మన దేశపు అడవుల్లో లేవు.

మన జంతువుల్లోనూ బిడ్డను వెంటేసుకుని తిరిగే తల్లి ఒకటుంది. రావిచెట్లకు, చింతచెట్లకు తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలం ఏడాదికి సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. మొదటి వారాల్లో ఆ పిల్లను రొమ్ముకు కరిపించుకునే మేతకు ఎగురుతుంది. బావురుపిల్లికి, జంగుపిల్లికి అలాంటి వీలు లేదు. పిల్లల్ని జమ్ములోనో, కిక్కిసలోనో, పైరులోనో దాచిపెట్టి ఒంటరిగా వేటకు పోవాల్సిందే.

అందుకే గట్టు బాగు చేస్తున్నప్పుడో, కోత కోస్తున్నప్పుడో కళ్లు సరిగ్గా విచ్చని చుక్కల కూనలు కనబడితే తల్లి వదిలేసి పోయిందనుకుని ఇంటికి తెచ్చి పాలు పట్టకండి. పని అక్కడికి ఆపి, కుక్కల్ని కట్టేసి, దూరంగా జరగండి. చీకటి పడ్డాక తల్లి వచ్చి ఒక్కో కూననూ మెడ దగ్గర పట్టుకుని మరో చోటికి మార్చుకుంటుంది. తెల్లారినా అక్కడే ఉంటే కైకలూరు అటవీ రేంజి కార్యాలయానికి కబురు చేయండి.