మీకు తెలుసా? తనను తాను అరిగించుకోని సంచి

మన కణాల్లో పాడైన సరుకును అరిగించే సంచి లైసోజోమ్. క్రిస్టియన్ డి డ్యూవ్ 1955లో దానికి ఆ పేరు పెట్టారు, 1974లో నోబెల్ అందుకున్నారు. లోపల పీహెచ్ 5కు అటూఇటూ, అంటే ఆమ్లమే. మరి ఆ ఆమ్లం, సరుకును అరిగించే ఎంజైములు సంచి గోడనే ఎందుకు తినేయవు? గోడ లోపలివైపు ల్యాంప్-1, ల్యాంప్-2 అనే ప్రొటీన్లు చక్కెర గొలుసులను ఒత్తుగా కప్పుకుని కాపు కాస్తాయి. ల్యాంప్-2 జన్యువు చెడితే వచ్చేది డానన్ వ్యాధి. గుండె కండరం దెబ్బతింటుంది.

ప్రయోగశాలల కోసం ఈ ప్రొటీన్లను తయారుచేయడానికి తరచూ మనిషి కణాలనే పెంచుతారు. ఈ-కొలై బ్యాక్టీరియా చవకే గానీ, మన కణాల్లా చక్కెరలు తగిలించలేదు. ఇక్కడ చవకబేరం కుదరదు!

లైసోజోమ్ ఆమ్లం గురించి బెంగళూరు ముచ్చట ఇంకా సరదా. అక్కడి ఎన్‌సీబీఎస్ అనే పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త యమునా కృష్ణన్ బృందం డీఎన్ఏతోనే బుల్లి యంత్రం కట్టి, బతికున్న కణంలోకి పంపింది. సరుకు లైసోజోమ్ వైపు సాగే దారిలో ఆమ్లత్వం ఎలా పెరుగుతుందో దానితో కొలిచి, 2009లో ప్రకటించింది.

అన్నట్టు, ప్రయోగశాలల కోసం చేసే అలాంటి ప్రొటీన్ సీసాపై ‘పరిశోధనకు మాత్రమే’ అని ఉంటే అది మందు కాదు, రోగులకు వాడకూడదు.