నైతిక వికాస సిద్ధాంతం – లింగ పక్షపాతం

కోల్‌బర్గ్ ప్రతిపాదించిన మూడు స్థాయిలు, ఆరు దశల గురించి మీరు ఇంతకు ముందు చదివారు. ఆ దశలు ఎవరి సమాధానాల నుంచి రూపొందాయో ఇప్పుడు చూద్దాం. 1958లో చికాగో విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన గ్రంథం కోసం ఆయన 10, 13, 16 సంవత్సరాల వయసు గల 72 మందిని ఇంటర్వ్యూ చేశాడు. అందరూ అబ్బాయిలే. నమూనాలో ఒక్క ఆడపిల్ల లేకపోయినా, సిద్ధాంతం మాత్రం మానవులందరి నైతిక వికాసంగా పాఠ్యగ్రంథాలకెక్కింది.

అది అంత పెద్ద లోపమా అని మీకు అనిపించవచ్చు. హైంజ్ సమస్యను గుర్తుకు తెచ్చుకోండి. భార్య ప్రాణాపాయంలో ఉంది, మందు కొనే స్తోమత అతనికి లేదు, దుకాణదారు ధర తగ్గించడు. హైంజ్ మందు దొంగిలించాలా? కోల్‌బర్గ్‌తో కలిసి హార్వర్డ్‌లో పనిచేసిన కెరొల్ గిల్లిగన్, 1982లో ప్రచురించిన 'ఇన్ ఎ డిఫరెంట్ వాయిస్' గ్రంథంలో పదకొండేళ్ల పిల్లలు ఇద్దరి సమాధానాలను పోల్చింది. డబ్బు కంటే ప్రాణం విలువైనది కాబట్టి దొంగిలించాలన్నాడు జేక్. ఎమీ అలా తేల్చలేదు. దొంగతనం చేయకూడదు, భార్య చనిపోనూ కూడదు. అప్పు తెచ్చుకోవచ్చు, దుకాణదారుతో మాట్లాడవచ్చు. హైంజ్ జైలుకెళ్తే ఆమెకు మళ్లీ జబ్బు చేసినప్పుడు మందు ఎవరు తెస్తారు? అని ఆలోచించింది. కోల్‌బర్గ్ కొలమానంలో ఎమీ, జేక్ కంటే ఒక పూర్తి దశ కింద నిలిచింది. ఆమె ఆలోచించకపోవడం వల్ల కాదు, ఆ కొలమానంలో అటువంటి ఆలోచనకు చోటు లేకపోవడం వల్ల!

అయితే విషయం ఇక్కడితో ముగియలేదు. 1984లో లారెన్స్ వాకర్ అప్పటి వరకు జరిగిన అధ్యయనాలను సమీక్షించగా, అత్యధిక అధ్యయనాల్లో స్త్రీ పురుషుల స్కోర్లలో చెప్పుకోదగ్గ భేదం కనిపించలేదు. వయోజనుల్లో భేదం కనిపించిన కొన్ని సందర్భాల్లో, పురుషుల చదువు, ఉద్యోగ స్థాయి స్త్రీల కంటే ఎక్కువగా ఉన్నాయి. లేని భేదాన్ని పెంచి చూపడాన్ని హేర్-మస్టిన్, మారెచెక్ 1988లో ఆల్ఫా పక్షపాతం అన్నారు. ఉన్న భేదాన్ని విస్మరించడం బీటా పక్షపాతం. గిల్లిగన్‌పై మొదటి విమర్శ ఉంది. 'స్త్రీల నైతికత వేరని గిల్లిగన్ నిరూపించింది' అని పరీక్షలో చాలామంది రాస్తారు. మీరు అలా రాయకండి.

కృత్యం: హైంజ్ సమస్యను మీ ఇంట్లో ఒక స్త్రీని, ఒక పురుషుణ్ణి విడివిడిగా అడగండి. సమాధానాలను వారి మాటల్లోనే రాసుకుని, పేర్లు తీసేసి, ఏది ఎవరిదో మీ సహాధ్యాయిని చెప్పమనండి.