డ్రైవరు ధ్రువీకరణ

డ్రైవరు ధ్రువీకరణ అనగా ప్రింటరు, నెట్‌వర్కు కార్డు వంటి పరికరాలను నడిపించే డ్రైవరు అనే సాఫ్టువేరుపై డిజిటల్ సంతకం ఉన్నదో లేదో పరిశీలించి, సంతకం ఉన్నవాటినే ఆపరేటింగు సిస్టము అనుమతించే పద్ధతి. దీనివలన కంప్యూటరు భద్రత ఎంతవరకు పెరుగుతుందన్నది చర్చనీయాంశం.

ఆవశ్యకత

చాలా డ్రైవర్లు ఆపరేటింగు సిస్టము యొక్క అంతర్భాగమైన కెర్నెల్‌లో పనిచేస్తాయి. అక్కడ ప్రవేశించిన ప్రోగ్రాము యాంటీవైరస్‌ను సైతం నిలిపివేయగలదు. విండోస్ ఎక్స్‌పీ సంతకం లేని డ్రైవరును గూర్చి సాధారణంగా హెచ్చరించి ఊరుకొనేది. 2006లో పూర్తయిన విండోస్ విస్టా 64-బిట్ రూపంలో మైక్రోసాఫ్టు సంస్థ కెర్నెల్ డ్రైవర్లకు సంతకాన్ని తప్పనిసరి చేసింది. 2016లో విండోస్ 10 యొక్క 1607 వెర్షను నుండి కొత్త కెర్నెల్ డ్రైవర్లపై సాధారణంగా మైక్రోసాఫ్టు సంతకమే ఉండాలన్న నియమం వచ్చింది.

పనిచేసే విధానం

డ్రైవరు ఫైలు నుండి హాష్ అనే ఒక సంఖ్యను గణించి, దానిపై రహస్య కీతో సంతకం చేస్తారు. తరువాత ఫైలులో ఒక్క బిట్టు మారినా సంతకం చెల్లదు. కనుక సంతకం రెండు విషయాలను తెలుపుతుంది: అది ఎవరి కీతో చేయబడినది, ఆ పిమ్మట ఫైలు మారలేదు. డ్రైవరులో లోపాలు లేవని గాని, దురుద్దేశం లేదని గాని అది చెప్పదు. రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదైన దస్తావేజు అమ్మినవారెవరో తెలుపుతుంది. ఆ భూమిపై వారికి నిజంగా హక్కు ఉన్నదో లేదో తేల్చదు. ఇదీ అటువంటిదే.

వైఫల్యాలు

* దొంగిలించిన కీ: 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ డ్రైవర్లపై తైవాన్‌కు చెందిన రియల్‌టెక్, జెమైక్రాన్ సంస్థల కీలతో చేసిన సంతకాలున్నాయి.
* లోపమున్న డ్రైవరు: రాబిన్‌హుడ్ అనే రాన్సమ్‌వేరు గిగాబైట్ సంస్థ సంతకమున్న పాత డ్రైవరును తానే వెంట తెచ్చి, అందులోని లోపం ద్వారా కెర్నెల్‌లో ప్రవేశించినట్లు 2020లో వెల్లడైంది.
* పొరపాటు సంతకం: నెట్‌ఫిల్టర్ అనే హానికర డ్రైవరుపై తమ సంతకమే ఉన్నదని 2021లో మైక్రోసాఫ్టు అంగీకరించింది.

దాడి కాకపోయినా, 2024 జూలై 19 నాటి ఘటన ధ్రువీకరణకు మరొక పరిమితిని చూపింది. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ యొక్క ధ్రువీకృత డ్రైవరు, ఆ తరువాత పంపిన ఒక దత్తాంశ ఫైలును చదువుతూ విఫలమైంది. మైక్రోసాఫ్టు అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగు పాసులు చేతితో వ్రాసి ఇచ్చారు.

ప్రయోజనం

అయినను ధ్రువీకరణ నిష్ప్రయోజనం కాదు. ఊరూపేరూ లేని డ్రైవరు నేరుగా కెర్నెల్‌లో చేరడం కష్టమైంది. దాడి చేసేవారు కీని దొంగిలించవలసి వస్తున్నది, లేదా లోపమున్న డ్రైవరును వెతకవలసి వస్తున్నది. దుర్వినియోగం బయటపడితే సర్టిఫికెట్టును రద్దు చేయవచ్చు. 2022లో వచ్చిన విండోస్ 11 నవీకరణ నుండి, లోపమున్నట్లు తెలిసిన డ్రైవర్లను అడ్డగించే నిషేధ జాబితా సాధారణంగా ముందే అమలులో ఉంటున్నది. అయితే ఈ జాబితా లోపం బయటపడి, నమోదైన డ్రైవర్లను మాత్రమే ఆపగలదు.