సభలో పట్టిన పాట, దాని పరిష్కరణము



మన అనంతపుర మండలమున సాలుకు కుఱియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొంచెమును అదనుకు రాదు. అయినను వేరుసెనగ పండిన యేడును, ఎండిన యేడును, శ్రీరామనవమికో జాతరకో చందాలెత్తి నాటకమాడుట మాత్రము మన ఊళ్లు మానలేదు. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు ఈ నేలవారే. వారి మేనల్లుడు, 1880లో తాడిపత్రిలో జన్మించిన బళ్ళారి రాఘవ, ఈ నేలవాడే. రాఘవగారు 1946లో కీర్తిశేషులైరి. వారు 1939లో 'రైతుబిడ్డ' చిత్రమున నటించిరి. కాని కెమెరా యెదుట పలుకుట వేఱు, వేలమంది జనుల యెదుట పలుకుట వేఱు. వారు రంగస్థలమున వెలుగుచున్న కాలమున, సభలో కూర్చున్న సామాన్యుడు ఆ ధ్వనిని పట్టుకొని యింటికి తెచ్చుకొను సాధనము మన ఊళ్లలో లేదు. సభలోని పలుకు సభతోనే పోయినది.

ఆ సాధనము తరువాత వచ్చినది. అది పట్టియిచ్చిన ధ్వనిని బాగుచేయుట ఎట్లు, చెఱుపకుండుట ఎట్లు అనునదే నేటి ప్రసంగవిషయము.

1877లో ఎడిసన్ ధ్వనిని పట్టి మరల పలికించు యంత్రమును నిర్మించెను. 1901 మొదలు 1903 వఱకు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఒపేరా అను గాననాటకశాలలో గ్రంథపాలకుడైన లయొనెల్ మేపుల్సన్ అను నతడు, ఆట జరుగుచుండగనే మైనపు గొట్టములపై పాటలను పట్టెను. వానిలో గరగర మెండు, గానము కొంచెము. అయినను అప్పటి మహాగాయకులు జనసమక్షమున ఎట్లు పాడిరో వినుటకు అవియే దిక్కు. అందుచేత న్యూయార్కు పౌరగ్రంథాలయమువారు వానిని శ్రమపడి పరిష్కరించి 1985లో ఆఱు పెద్ద రికార్డులుగా వెలువరించిరి.

1963లో ఫిలిప్సు కంపెనీవారు క్యాసెట్టును తెచ్చిన పిమ్మట ఈ పని అందఱికి అందుబాటయ్యెను. 1970 ప్రాంతమున ఇంగ్లండులో గ్లామ్ రాక్ అను నొక గానసంప్రదాయము పుట్టినది. మగవారు ముఖమునకు రంగు పూసికొని, తళతళలాడు దుస్తులు తొడిగి, ఒక వేషము కట్టి పాడుదురు. స్త్రీపాత్రలకు ప్రసిద్ధులైన మన స్థానం నరసింహారావుగారి నెఱిగినవారికి ఇది వింత కాదు. ఆ సంప్రదాయమున పేరుగన్న డేవిడ్ బౌవీ 'జిగ్గీ స్టార్‌డస్ట్' అను వేషమున పాడుచు, 1973 జూలై 3వ తేదీన లండనులోని హామర్‌స్మిత్ ఓడియన్ శాలలో ఆ వేషమునకు స్వస్తి చెప్పెను. అట్టి కచేరీలను శ్రోతలు కొందఱు తాము తెచ్చుకొన్న యంత్రములతో పట్టిరి. ఆ టేపులను అభిమానులు నేటికిని మరల మరల పరిష్కరించుకొనుచున్నారు. దేశము వేఱు, రాగము వేఱు, మక్కువ యొక్కటే.

ఇక నా యనుభవము. 1986వ సంవత్సరము శ్రీరామనవమికి మా యూర తిరుపతి వేంకటకవుల కురుక్షేత్ర నాటకమాడిరి. కృష్ణపాత్ర మా పెద్దన్నగారిది. నా శిష్యుడొకడు రంగస్థలము ప్రక్కన లౌడ్‌స్పీకరు దగ్గఱ కూర్చుండి క్యాసెట్టు పట్టెను. అన్నగారు గతించిన పిమ్మట దానిని పట్టణమున ఒక అంగడిలో ఇచ్చి శుభ్రము చేయుడంటిని. మూడు దినములకు ఇచ్చిరి. అందు సొద లేదు, చప్పుడు లేదు, జనమును లేరు. అన్నగారు ఎండిన బావిలో ఒంటరిగా పాడుచున్నట్లుండెను. శకారము స్పష్టముగా లేదు, సకారమును లేదు. పాత క్యాసెట్టు ఏదని యడిగితిని. ఇక దానితో పనియేమని పాఱవేసితిమనిరి.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. తాటాకుప్రతిని శుభ్రముగా నెత్తివ్రాసికొని, తప్పులు చూడక మునుపే మూలమును పొయ్యిలో పెట్టినట్లయినది.

దైవవశమున తూర్పువీధి గృహస్థు ఒకరు ఆ రాత్రియే జనము వెనుక కూర్చుండి మఱియొక క్యాసెట్టు పట్టియుండిరి. కడపలో బ్రౌనుదొర పండితులను కొలువుంచి, ఒక్కొక్క కావ్యమునకు పెక్కు ప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధప్రతి వ్రాయించెనని మీరెఱుగుదురు. ఒక ప్రతి పోయినను వేఱొకటి యుండుట ఎంత భాగ్యమో నాకప్పుడు తెలిసినది. బెంగళూరున కంప్యూటరు ఉద్యోగము చేయు నా పూర్వవిద్యార్థి దానిని పరిష్కరించెను. అతడు చేసినవి నాలుగు పనులు.

మొదటిది, చక్కగా చదువుట. టేపనగా ఇనుపపొడి పూసిన సన్నని రిబ్బను. దానిని చదువు హెడ్డు పట్టిన యంత్రపు హెడ్డుకంటె రవంత వాలియున్నను సన్నని ధ్వనులు మాసిపోవును. యంత్రములో నున్న చిన్నమరను మెల్లగా త్రిప్పుచు, తాళముల గలగల తేటపడువఱకు సరిచేయవలెను. కంప్యూటరు పని దీని తరువాతనే. పాఠము సరిగా చదువక వ్యాఖ్యానము చేయరాదు గదా!

రెండవది, కొలిచి దాచుట. ధ్వనిని సెకనుకు 48,000 మాఱులు గాని 96,000 మాఱులు గాని కొలిచి అంకెలుగా నిలుపుదురు. ఈ మొదటి ప్రతిని ఎవ్వరును ముట్టరాదు. దిద్దుటలన్నియు దాని నకలుపైననే జరుగవలెను.

మూడవది, శ్రుతి సరిచేయుట. ఆ గృహస్థుని యంత్రము బ్యాటరీలతో నడిచినది. బ్యాటరీ నీరసించినకొలది టేపు మెల్లగా తిరిగినది. అట్లు పట్టినదానిని సరియైన వేగమున పలికించినచో గొంతు సన్నబడును, శ్రుతి పెరుగును. మొదటి పద్యము నాలుగున్నర శ్రుతిలో నుండగా, తెల్లవాఱుజాము పద్యము ఐదున్నరకు ఎగబ్రాకినది. గాయకుని గొంతు రాత్రంతయు ఒక్కటిగా నుండదు గాని హార్మోనియము రీడ్లు స్థిరములు. మా గుడిలో ఆ హార్మోనియము నేటికి నున్నది. దాని మెట్టును నొక్కి వినిపించితిని. దానితో పోల్చి అతడు టేపు వేగమును ఆద్యంతము సరిచేసెను. అన్నగారి గొంతు అన్నగారికి దక్కినది.

నాలుగవది, సొద తగ్గించుట. పాట లేనిచోట వినబడు సొదను గుఱుతించి, దానివంటిది ఎక్కడెక్కడ నున్నదో అక్కడ తగ్గించుదురు. అపాయమంతయు ఇక్కడనే. మన శ, ష, స లను వైయాకరణులు ఊష్మములనిరి. అవి ఊపిరి రాపిడివలన పుట్టు అక్షరములు. టేపు సొదయు చెవికి అట్టిదే. యంత్రమునకు ఈ రెంటి భేదము అంతగా తెలియదు. సొదను సమూలముగా తీయబోయిన, 'శంఖము'లోని శకారము కూడ దానితో పోవును. అంగడిలో జరిగినది అదియే. నా శిష్యుడు సొదను కొంత తగ్గించి, కొంత మిగిల్చెను. పద్యములో అక్షరము చెడినదో లేదో చూచుట నా వంతు. మూడు మాఱులు వెనుకకు పంపితిని.

ఈ విద్యకు చేతకానిదియు గలదు. లౌడ్‌స్పీకరు పగిలినట్లు మ్రోగి ధ్వని చీలిన చోట, టేపు అయిపోయి త్రిప్పివేసిన చోట, పోయినది పోయినదే. అట్టి తావులను కవిత్వముతో పూరించిన పరిష్కర్తలు మన గ్రంథములకు చేసిన యపకారము మనకు తెలియును. ఖాళీని ఖాళీగానే ఉంచవలెను. ఏమి దిద్దితిమో ఒక కాగితముపై వ్రాసి ప్రతితో నుంచవలెను.

పరిష్కరించిన ప్రతిని మొన్నటి నవమికి గుడిలో వినిపించితిమి. పద్యము ముగియగానే వెనుకనుండి ఒక బొంగురుగొంతు "వన్స్‌మోర్" అని కేక వేసినది. కూర్చున్నవారిలో ఒక ముసలివాడు లేచి, "అది మా నాయన గొంతు" అనెను. అతని తండ్రికి ఫోటో కూడ లేదు. అంగడివారి ప్రతిలో ఆ కేక అశుభ్రమని తుడిచిపెట్టబడి యుండెను.

కావున పెద్దలకు నా మనవి. మీ పెట్టెలలో నాటకముల క్యాసెట్టులు, భజనల క్యాసెట్టులు ఉన్నయెడల ఈ వేసవికి ముందే వెలికి తీయుడు. మన యెండలు 40 డిగ్రీలు దాటును. వేడియు దుమ్మును టేపునకు చెదలవంటివి. రేకులకప్పు క్రింద ఉంచకుడు. బూజు పట్టినదానిని యంత్రములో పెట్టకుడు, తెలిసినవానికి చూపుడు. పెట్టెపై ఊరు, సంవత్సరము, పాత్రధారుల పేర్లు వ్రాయుడు. అవి తెలిసినవారు మీరే, మీ తరువాత చెప్పువారుండరు. బాగుచేయ నిచ్చునప్పుడు మూలము తిరిగి తెచ్చుకొనుడు. ఊరిలో ఇంకెవరైన ఆ రాత్రియే పట్టియుండిరేమో విచారింపుడు. జనమును తుడువవద్దని ముందుగనే చెప్పుడు. నాటకమాడినవారెంతో, విని కేకవేసినవారును మనవారే.

సెలవు.