మూడు రూపాయల లోటు

వారములు చేసికొని చదువుకొనుట యనగా నేమో నేటి బాలబాలికలలో పెక్కుమందికి తెలియదు. మన ముత్తాతల కాలమున పల్లెనుండి పట్టణమునకు చదువు నిమిత్తము వచ్చిన పేద బాలునకు వసతిగృహము లేదు, ఉపకారవేతనము లేదు. అతడు దయగల గృహస్థులను వెదకికొని, ఆదివారము ఒకరి యింట, సోమవారము వేరొకరి యింట, ఈ రీతిగా ఏడు దినములకు ఏడిండ్లు కుదుర్చుకొని అన్నము తినెడివాడు. ఏడిండ్లు కుదురనివాడు మిగిలిన దినమున పస్తుండెడివాడు. ఇంటివారు గ్రామాంతరము వెళ్లినను, ఆ యింట మైల వచ్చినను, ఆనాటి భోజనము తప్పినట్లే. ఈ యాచారమునందు ఔదార్యమును కలదు, కొరతయు కలదు. వారము దొరకుట చాలవరకు అగ్రవర్ణముల మగపిల్లలకే సాధ్యమై యుండెను. అంటరానివారని దూరముగా నుంచబడిన కుటుంబముల బిడ్డలకును, ఆడపిల్లలకును ఆ గుమ్మములు తెరువబడలేదు. దొరకినవానికి గూడ రేపటి యన్నము పరుల సౌకర్యముపై నాధారపడి యుండెను.

టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1872లో జన్మించిరి. చిన్ననాడే తండ్రి గతింపగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూటి యిల్లు నడపి బిడ్డలను పెంచిరి. పరీక్షకు కట్టవలసిన రుసుము మూడు రూపాయలు. ఆ మూడు రూపాయలు ఇంట లేవు. తిరిగిన చోట్ల దొరకలేదు. తుదకు తల్లి తన పట్టుచీర తాకట్టుపెట్టి సొమ్ము తెచ్చి యిచ్చెను. పిదప ఉపాధ్యాయులైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఆ బాలుని రాజమహేంద్రవరమునకు వెంటబెట్టుకొని పోయి చదువు సాగునట్లు చూచిరి. ఆ బాలుడే బారిస్టరై, 1946లో మదరాసు రాజధానికి ప్రధానియు, 1953లో ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియు నయ్యెను.

ఈ కథ చెప్పినప్పుడెల్ల మనము తల్లి త్యాగమును కొనియాడుదుము, అది న్యాయమే. కాని నా దృష్టి ఆ మూడు రూపాయల మీదనే నిలుచును. చదువు నిలిచిపోవుటకు వేల రూపాయలు కొరవడ నక్కరలేదు. చిన్న మొత్తము, గడువు తప్పని దినము, అడుగుటకు మనుష్యుడు లేకపోవుట, ఈ మూడును ఒకచో కూడినచో చాలును. ఆ యింట పట్టుచీర యొకటి యున్నది. పట్టుచీర లేని యింటి మాట యేమి?

కళాశాల మానుకొన్న విద్యార్థిని కారణ మడిగినచో, డబ్బు లేక మానితినని చెప్పును. ఆ మాటను విప్పి చూడవలెను. పై వారు డబ్బనగా కళాశాల ఫీజు అని తలంతురు. అది పెద్దదే, అయితే దాని కొరకు ప్రభుత్వపు పథకములు కొన్ని యున్నవి. వాని యందు చేరని ఖర్చులే పేద విద్యార్థిని పడద్రోయుచున్నవి. గది అద్దె, మెస్సు బిల్లు, బస్సు పాసు, పరీక్ష రుసుము, రికార్డు పుస్తకములు, ప్రయోగశాలకు తెల్లకోటు, ఇవి గాక నడుమ నొక జ్వరము. నెలకొక్కటిగా వచ్చిన ఎట్లో తీరును. రెండు కలిసివచ్చిన తీరవు.

మన పాఠశాలలో చదివి వెళ్లిన యొక బాలిక సంగతి చెప్పెదను. పేరు వ్రాయను. ఆమె డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచుండగా, తాపీపని చేయు తండ్రి సారువ మీదినుండి పడి కాలు విరుగగొట్టుకొనెను. ఫీజు ప్రభుత్వము భరించుచునే యుండెను. మెస్సు బిల్లు మాత్రము రెండు నెలలది నిలిచిపోయెను. బాకీ తీర్చువరకు గదికి రావలదని యామె యున్న హాస్టలువారు చెప్పిరి. బాలిక ఎవరికిని ఉత్తరము వ్రాయలేదు, ఫోను చేయలేదు. పెట్టె సర్దుకొని యింటికి వచ్చి బట్టల దుకాణములో పనికి కుదిరెను. ఈ సంగతి మాకు తెలియుటకు ఎనిమిది నెలలు పట్టెను. బాకీ మొత్తము ఆరువేల రూపాయలకు మించలేదు. ఏల అడుగలేదమ్మా యనగా, “ఎవరి నడుగవలెనో తెలియలేదండి, అడుగుటకు సిగ్గుగా నుండెను” అని చెప్పినది. ఈ యుత్తరమును నేను మరువలేకున్నాను. పాఠశాలలో పదియేండ్లు మా కన్నుల ముందు పెరిగిన బిడ్డ, మమ్ము అడుగవచ్చునని ఎరుగకపోయెను. తప్పు ఆమెది కాదు.

ఇట్టి సంగతినే అమెరికా దేశమున అట్లాంటా నగరమందలి జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయమువారు లెక్కల పుస్తకములలో కనుగొనిరి. గడువులోపల ఫీజు చెల్లింపనివారి పేర్లను కొట్టివేయుట అచ్చటి నియమము. అట్లు కొట్టివేయబడినవారి జాబితాను పరిశీలింపగా, మంచి మార్కులు గలవారు, పట్టమునకు కొలది మెట్ల దూరములో నున్నవారు, కొన్ని వందల డాలర్ల లోటుచే వెడలిపోవుచున్నట్లు తేలెను. 2011లో వారు చిన్న సహాయపు నిధి నొకటి ప్రారంభించిరి. అందలి విశేషమేమనగా, విద్యార్థి దరఖాస్తు పెట్టనక్కరలేదు. అధికారులే లెక్కలు చూచి, ఇతడు చక్కగా చదువుచున్నాడు, ఇంత లోటు పడినదని గుర్తించి, పేరు కొట్టివేయు దినమునకు ముందే ఆ సొమ్మును జమకట్టుదురు. సొమ్ము పొందినవాడు సలహాదారుని కలిసి తక్కిన చదువునకు డబ్బు ఎట్లు సమకూర్చుకొనునో ఆలోచన చేయవలెను. అడుగలేనివానిని తామే వెదకికొని పోవుట యనునది ఇందలి కిటుకు. విశ్వవిద్యాలయమునకు నష్టమా యనిన, విద్యార్థి నిలిచినచో అతని ఫీజును నిలుచును.

న్యూయార్కు నగర విశ్వవిద్యాలయమువారు 2007లో తమ రెండేండ్ల కళాశాలలయందు మరింత విస్తారమైన యేర్పాటు చేసిరి. దానిని ఏశాప్ అందురు. ఉపకారవేతనమునకును ఫీజునకును నడుమ మిగిలిన భేదమును వారు తీర్చిరి, పుస్తకములిచ్చిరి, నగరపు రైళ్లకు బస్సులకు నెలవారీ పాసు లిచ్చిరి, మాటిమాటికి కలిసికొనుటకు వీలగునట్లు, కొలదిమంది విద్యార్థులకే ఒక సలహాదారుని నియమించిరి. పాసు ఊరక రాదు. పూర్తి చదువు చదువుచు, సలహాదారునితో కలిసికొనుచున్నవారికే వచ్చును. ఈ యేర్పాటు నిజముగా పనిచేసినదా యని తెలియుటకు, విద్యార్థులను చీట్లు వేసినట్లు రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు సహాయము చేసి, రెండవ వర్గమును మామూలుగా నుంచిరి. మూడేండ్లకు సహాయము పొందినవారిలో నూటికి 40 మంది పట్టము నందిరి. పొందనివారిలో 22 మంది మాత్రమే. ఖర్చు తలకు ఎక్కువైనను, పట్టభద్రు నొకనిని తయారుచేయుటకు పడిన ఖర్చు తక్కువే అయ్యెను. బస్సు పాసు చదువునకు సంబంధించిన వస్తువు కాదని తలంచువారు ఈ లెక్కను చూడవలెను.

అన్నము సంగతి కూడ అచ్చటివారు కప్పిపుచ్చలేదు. మిషిగాన్ స్టేట్ విశ్వవిద్యాలయములో 1993లో విద్యార్థులే తోటి విద్యార్థుల కొరకు ఆహారనిధి నొకదానిని స్థాపించిరి. ధనిక దేశమున కళాశాలలో ఆకలియా యని మనము ఆశ్చర్యపడవచ్చును. ఆకలి కడుపుతో వెనుక బల్లపై కూర్చున్నవాడు ఏ దేశమందైనను పాఠము వినలేడు. అచ్చట విద్యార్థులే నడుపుచుండుటచే పోయి యడుగుటకు జంకు తక్కువ. వారములు చేసికొనువాడు పరుల గుమ్మమున నిలువబడవలసి యుండెను. తోటివాని యెదుట నిలుచుట అంత కష్టము కాదు.

పని చేసికొనుచు చదువుకొనుట మంచిది కాదా యని కొందరు తలిదండ్రులు అడుగుదురు. మంచిదే, కాని పనికి హద్దుండవలెను. కెంటకీ రాష్ట్రమందలి బెరియా కళాశాల 1855లో స్థాపింపబడినది. 1892నుండి అచ్చట చదువునకు ఫీజు పుచ్చుకొనరు. ప్రతి విద్యార్థియు వారమునకు తక్కువపక్షము పదిగంటలు కళాశాల పని చేయవలెను. ధనికుడు చేయడు, పేద చేయును అను భేదము లేదు. అందరును చేయుదురు గనుక ఎవరికిని చిన్నతనము లేదు. మన పట్టణములలో రాత్రి రెండుజాముల వరకు మోటారు సైకిలుపై అన్నపు పొట్లములు చేరవేయుచు, ఉదయము తరగతిలో కునుకుపాట్లు పడు కుర్రవానిది వేరు సంగతి. అతడు కూడబెట్టునది కొంత. పరీక్ష తప్పినచో పోవునది అంతకంటె నెక్కువ.

ఇక మన దేశమునకు వత్తము. షెడ్యూల్డు కులముల విద్యార్థులకు పదవ తరగతి పై చదువులకై భారత ప్రభుత్వపు ఉపకారవేతనము 1944లో ప్రారంభమయ్యెను. కుటుంబపు వార్షికాదాయము రెండున్నర లక్షలకు మించనివారు దానికి అర్హులు. ఇందు ఫీజు వేరు, పోషణభత్యము వేరు. చదువును బట్టియు, హాస్టలులో నుండుటను బట్టియు భత్యము మారును. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2008లో వెనుకబడిన తరగతుల పేదలకు గూడ ఫీజు తిరిగి చెల్లించు పథకము వచ్చినది. సంఘములు నడపిన వసతిగృహములు, అంతకుముందే, 1918లో హైదరాబాదున వెలసిన రెడ్డి హాస్టలు వంటివి, తరువాత ప్రభుత్వ సంక్షేమ వసతిగృహములు వచ్చుటచే, వారములు చేసికొను యాచారము క్రమముగా మాసిపోయినది. ఈ యుపకారము సామాన్యమైనది కాదు. ఎన్నో యిండ్లలో మొదటి పట్టభద్రుడు దీనివలననే పుట్టెను.

అయితే సొమ్ము వచ్చు దినమును, సొమ్ము కావలసిన దినమును కలియవు. మెస్సు బిల్లు నెల మొదట రాగా, భత్యము సంవత్సరాంతమునకు గాని రాకపోవచ్చును. ఫీజు బకాయి రాలేదని కొన్ని కళాశాలలు చదువు ముగిసినవారి సర్టిఫికెట్లను ఆపుటయు కలదు. ఆ నడుమ కాలమున తండ్రి ఊరిలోని వడ్డీవ్యాపారి నాశ్రయించును. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీయని వినుటకు స్వల్పముగా తోచును. ఆరువేలకు నెలకు 180 రూపాయలు, సంవత్సరమునకు 2,160 రూపాయలు. అసలు అట్లే యుండును. సెల్‌ఫోనులో క్షణమున అప్పిత్తుమను వారు ఇంతకంటె గడుసువారు; వారి జోలికి పోరాదు. పెద్ద చదువునకు పెద్ద మొత్తమే కావలసినచో బ్యాంకు విద్యాఋణము మేలు. నాలుగు లక్షల వరకు సాధారణముగా తాకట్టు అడుగరు. చదువు ముగిసిన యొక సంవత్సరము పిదప వాయిదాలు మొదలగును.

మన పాఠశాల పూర్వవిద్యార్థులు కొందరు, పై బాలిక సంగతి విని, చిన్న నిధి కూర్పదలచిరి. నా యభిప్రాయమడిగిరి గనుక చెప్పితిని. మొత్తము పెద్దది కానక్కరలేదు. రెండు దినములలో చేతికందవలెను. నలుగురు సంతకము చేయవలెనను నియమము పెట్టినచో మెస్సు గడువు దాటిపోవును. సొమ్ము పుచ్చుకొన్నవారి పేర్లు సభలో చదువరాదు, ఈ పత్రికలో అచ్చువేయరాదు. కళాశాలలో చేరిన ప్రతి పూర్వవిద్యార్థికిని ఒక ఉపాధ్యాయుడు రెండు నెలలకొకమారు తానే ఫోను చేసి, భోజన మెట్లున్నది, బాకీ లేమైన నున్నవా యని యడుగవలెను. నిధికంటె ఈ ఫోనే ముఖ్యమని నా నమ్మకము. ఆ బాలిక బాకీ యిప్పటికి తీరినది. ఆమె మరల రెండవ సంవత్సరములో చేరినది. పోయిన యేడు మాత్రము తిరిగి రాదు.

తలిదండ్రులు ఇప్పుడే చేయదగిన పనులు కొన్ని కలవు. పదవ తరగతి వ్రాయుచున్న బిడ్డ పేరుతో బ్యాంకులో గాని తపాలా కార్యాలయమున గాని ఖాతా తెరువవలెను. తపాలా పొదుపు ఖాతాకు 500 రూపాయలు చాలును. కోతలనాడు, కూలి బాగుగా దొరకిననాడు, రెండు నెలల మెస్సు ఖర్చునకు సరిపడు సొమ్మును అందు వేసి, దానిని పండుగకు గాని పెండ్లికి గాని తీయకుండవలెను. ప్రభుత్వపు సొమ్ము ఆధారు సంఖ్యతో ముడిపడిన ఖాతాకే వచ్చును గనుక ఆ ముడి వేయించుకొనవలెను. కుల, ఆదాయ ధ్రువపత్రములను తెలంగాణమున మీసేవలోను, ఆంధ్రప్రదేశమున గ్రామ, వార్డు సచివాలయములోను పొందవచ్చును. చేరికల రద్దీకి ముందే తెచ్చుకొన్నవారికి ఆందోళన లేదు.

అన్నిటికంటె చిన్నదియు, అన్నిటికంటె ఎక్కువగా బాధించునదియు పేరులోని అక్షరభేదము. బడి రిజిస్టరులో సుబ్బారావు, ఆధారులో సుబ్బరావు, బ్యాంకు పుస్తకములో ఇంటిపేరు లేక వట్టి సుబ్బారావు అని యుండును. మూడును ఒక్కడే యని మనకు తెలియును. లెక్కలు చూచు యంత్రమునకు తెలియదు. దరఖాస్తు అచ్చటనే నిలిచిపోవును. విద్యార్థి నెలల తరబడి కార్యాలయముల చుట్టు తిరుగును. పదవ తరగతి పరీక్షకు పేర్లు పంపుటకు ముందే మూడు కాగితములను ప్రక్కప్రక్కన నుంచి చూచి, భేదమున్నచో మన ఆఫీసు గుమాస్తాగారికి చెప్పవలెను. మార్కుల పత్రము అచ్చయిన తరువాత దిద్దించుట మిక్కిలి ప్రయాస.